పాత హాలు, పాత బ్యాండు: మైకు ఎక్కడ పెట్టాలి?

క్లుప్తంగా: బ్రిటన్‌లో మిగిలిన పందొమ్మిదో శతాబ్దపు మ్యూజిక్ హాళ్లలో 1920, 30ల నాటి జాజ్, డాన్స్ బ్యాండ్ సంగీతం వాయిస్తే రెండూ ఒకే కాలానివని చాలామంది అనుకుంటారు. నిజానికి వాటి మధ్య అరవై, డెబ్బై ఏళ్ల దూరం ఉంది. అయినా ఆ గదిలో ఆ సంగీతం పండుతుంది. దానికి కారణం కాలం కాదు, ధ్వని. స్పీకర్లు లేని రోజుల కోసం కట్టిన గది అది, స్పీకర్లు లేని రోజుల లెక్కతో రాసిన వాయిద్య సంగీతం ఇది. పాట పాడే గొంతు దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఈ లెక్క తప్పుతుంది. "మైకు లేకపోతేనే అసలు సిసలు" అన్న వాదన నిలవనిది అక్కడే.

మ్యూజిక్ హాల్ అంటే సంగీత సభ కాదు

మ్యూజిక్ హాల్ అనగానే తెలుగు పాఠకుడి కళ్ల ముందు మెదిలేది సంగీత సభ: వరసగా కుర్చీలు, నిశ్శబ్దం, వేదిక మీద విద్వాంసుడు. లండన్ మ్యూజిక్ హాల్ పుట్టుక వేరు. అది పబ్బు వెనక గదిలో పుట్టింది. 1843 నాటి థియేటర్ల చట్టం వినోదశాలలను రెండుగా విడదీసింది. నాటకాలు ఆడే థియేటర్లు ఒక వైపు. ప్రేక్షకులు కూర్చున్న చోటే తింటూ తాగుతూ పాటలు వినే హాళ్లు మరో వైపు. రెండో రకం హాళ్లకు నాటకం ఆడే హక్కు లేదు. అందుకే అక్కడ పాటలు, హాస్యం, గారడీ, నృత్యం కలగలిపిన కదంబ కార్యక్రమం పెరిగింది. గోల మామూలే. ఒక అంశం అయ్యాక మరొకటి పరిచయం చేస్తూ, చేతిలో సుత్తితో బల్ల కొట్టి జనాన్ని అదుపు చేయడానికి ఒక అధ్యక్షుడు కూడా ఉండేవాడు.

తూర్పు లండన్‌లో గ్రేసెస్ ఆలీ అనే ఇరుకు సందులో ఉన్న విల్టన్స్ మ్యూజిక్ హాల్ ఈ జాతికి మిగిలిన గట్టి సాక్ష్యం. జాన్ విల్టన్ అనే పబ్బు యజమాని 1859లో దీన్ని తెరిచాడు. మహోగని చెక్క పనితనం వల్ల ఆ పబ్బుకు "మహోగని బార్" అన్న పేరు వచ్చింది. వీధి వైపు నుంచి చూస్తే పాత ఇళ్ల వరస తప్ప హాలు కనిపించదు. ఆ ఇళ్లు దాటి లోపలికి వెళ్తే పొడవాటి గది, పైన గుండ్రంగా వంగిన కప్పు, మూడు వైపులా గ్యాలరీ. గ్యాలరీని మోసేవి మెలితిప్పినట్టుండే సన్నని ఇనుప స్తంభాలు. చెరకు పానకం సాగదీసి మెలిపెట్టినట్టు ఉంటాయవి.

1877లో అగ్నిప్రమాదం జరిగితే మళ్లీ కట్టారు. కొత్త భద్రతా నిబంధనల ఒత్తిడితో కొన్నేళ్లకే మ్యూజిక్ హాల్‌గా దాని ఆయుష్షు తీరింది. 1888లో మెథడిస్టు మిషన్ చేతికి వెళ్లింది. 1889 ఓడరేవు కూలీల సమ్మెలో ఆకలితో ఉన్న కుటుంబాలకు అక్కడే అన్నం పెట్టారు. మిషన్ 1956 దాకా ఉంది, తర్వాత అది పాత గుడ్డల గోదాము. 1960ల్లో ఆ ప్రాంతమంతా కూల్చేసే పథకం వచ్చినప్పుడు కవి జాన్ బెట్జమన్ వంటి వారి ఉద్యమం దీన్ని కాపాడింది. 1971లో రక్షిత కట్టడాల జాబితాలో చేరింది, 1997లో మళ్లీ ప్రదర్శనలకు తెరుచుకుంది, 2015లో మరమ్మతులు పూర్తయ్యాయి.

ఈ చరిత్రలో ఒక విషయం గమనించాలి. జాజ్ లండన్ చేరేనాటికి విల్టన్స్‌లో మ్యూజిక్ హాల్ ఆట కట్టి దాదాపు నలభై ఏళ్లయింది. జాజ్ యుగమంతా ఆ గోడలు విన్నవి ప్రార్థనలూ కీర్తనలూ.

డాన్స్ బ్యాండు పుట్టిల్లు హోటల్

జాజ్‌కూ మ్యూజిక్ హాల్ వేదికకూ తొలి పరిచయం సవ్యంగా జరగలేదు. 1919 ఏప్రిల్‌లో ఒరిజినల్ డిక్సీల్యాండ్ జాజ్ బ్యాండ్ అమెరికా నుంచి వచ్చి లండన్ హిప్పోడ్రోమ్‌లో ఒక రెవ్యూలో (పాటలు, హాస్యం కలిపిన వేదిక ప్రదర్శన) వాయించింది. ఆ ప్రదర్శనకు ప్రధాన ఆకర్షణ మ్యూజిక్ హాల్ హాస్యగాడు జార్జ్ రోబీ. జనం కేరింతలు బ్యాండుకు దక్కడం ఆయనకు నచ్చలేదని, వాళ్లో తానో తేల్చుకోమన్నాడని చెబుతారు. బ్యాండు ఒక్క రాత్రితోనే అక్కడినుంచి తప్పుకుంది. అదే ఏడాది అక్టోబరులో హామర్‌స్మిత్ పాలే అనే భారీ నృత్యశాల తెరుచుకున్నప్పుడు అందులో వాయించింది ఈ బ్యాండే. అక్కడ జనం వినడానికి కూర్చోలేదు, ఆడడానికి లేచారు.

తర్వాతి పదిహేనేళ్లు లండన్ డాన్స్ బ్యాండుకు అసలైన ఇల్లు ఖరీదైన హోటళ్లు, రెస్టారెంట్లు. సవోయ్ హోటల్లో సవోయ్ ఆర్ఫియన్స్ బ్యాండు, మేఫెయిర్ హోటల్లో ఆంబ్రోజ్ బ్యాండు, మాన్‌సెన్యోర్ రెస్టారెంట్లో రాయ్ ఫాక్స్ బ్యాండు, ఆ తర్వాత లూ స్టోన్ బ్యాండు. బీబీసీ ఆ సంగీతాన్ని రాత్రిపూట ఇళ్లలోకి తెచ్చింది. హోటల్ బ్యాండు వాయించింది భోజనం బల్లల మధ్య, చిన్న నృత్యస్థలం పక్కన. అక్కడ గట్టిగా వాయిస్తే ఉద్యోగం ఊడుతుంది. కత్తీ ఫోర్కుల చప్పుడు మీద వినిపించాలి, మాటలకు మాత్రం అడ్డం రాకూడదు.

మరి ఇదే సంగీతం కుర్చీల్లో కూర్చున్న జనం ముందుకు ఎలా వచ్చింది? ఈ మలుపులో పెద్ద పాత్ర జాక్ హిల్టన్‌ది. ఆయన తన బ్యాండును నాట్యానికి తోడుగా కాక వేదిక మీద చూసే, వినే ప్రదర్శనగా తీర్చి వెరైటీ థియేటర్లలో తిప్పాడు, యూరప్ అంతా పర్యటించాడు. మ్యూజిక్ హాలే పెద్దదై, మర్యాదస్తుల బట్టలు కట్టుకుని వెరైటీ థియేటర్ అయింది. ఆ వెరైటీ వేదిక పైనే, లండన్ పల్లాడియంలో, అమెరికా జాజ్ దిగ్గజాలు 1932లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, 1933లో డ్యూక్ ఎల్లింగ్టన్ వాయించారు. కాబట్టి ఇవాళ ఒక వింటేజ్ బ్యాండు (ఆనాటి సంగీతాన్ని ఆనాటి శైలిలోనే వాయించే బ్యాండు) పాత మ్యూజిక్ హాల్లో కూర్చున్న ప్రేక్షకుల ముందు వాయిస్తే అది చరిత్రకు విరుద్ధమేమీ కాదు. అది హోటల్ నృత్యశాల కొనసాగింపు కాదు, వెరైటీ వేదిక కొనసాగింపు. ఈ తేడా గుర్తుంటే కార్యక్రమం ఎలా అల్లాలో కూడా తెలుస్తుంది. ఆడేవాళ్లు లేనప్పుడు ఒకే నడకలో ఆరు ఫాక్స్‌ట్రాట్‌లు వరసగా వాయిస్తే జనం ఆవలిస్తారు. హిల్టన్‌కు ఆ సంగతి బాగా తెలుసు. ఒక హాస్యపు పాట, ఒక వాల్ట్జ్, ఒక వేగపు ముక్క, ఇలా మార్చి మార్చి వడ్డించాడు.

గది కూడా ఒక వాయిద్యమే

సన్నాయిని నాలుగు గోడల మధ్య వాయిస్తే చెవులు గింగురుమంటాయి. అది ఊరేగింపుకు, గుడి ముంగిట్లోకి పుట్టిన వాయిద్యం. వీణను వీధిలో వాయిస్తే పక్కవాడికి వినపడదు. ప్రతి సంగీతానికీ తనదైన చోటు ఉంటుంది. ఎందుకో లెక్కగట్టి చెప్పినవాడు అమెరికా భౌతిక శాస్త్రవేత్త వాలెస్ సాబిన్. 1890ల చివర్లో హార్వర్డ్‌లో మాటలు గజిబిజిగా వినిపించే ఒక ఉపన్యాస మందిరాన్ని పరిశీలించి ఆయన సూత్రం కట్టాడు. శబ్దం ఆగిపోయాక గదిలో దాని ప్రతినాదం ఎంతసేపు నిలుస్తుందన్నది రెండింటిని బట్టి ఉంటుంది. గది ఘనపరిమాణం పెరిగితే ఆ సమయం పెరుగుతుంది. ధ్వనిని పీల్చుకునే వస్తువులు పెరిగితే అది తగ్గుతుంది.

పెద్ద సింఫనీకి సుమారు రెండు సెకన్ల ప్రతినాదం హాయిగా ఉంటుంది, ఒక స్వరం మరో స్వరంలోకి కరుగుతుంది. డాన్స్ బ్యాండుకు అదే పెద్ద శత్రువు. బాంజో తీగ మీద నిమిషానికి రెండు వందల దెబ్బలు పడుతుంటే, ఒక దెబ్బ చప్పుడు చావకముందే మరో ఆరు దెబ్బలు దాని మీద పడతాయి, తాళం బురద అవుతుంది. ఈ సంగీతానికి ఒక సెకను అటూఇటూగా ఉండే గది కావాలి. పాటగాడి ప్రతి మాటా చివరి వరసకు అర్థం కావాలన్న లెక్కతో కట్టిన మ్యూజిక్ హాలుకు ఆ గుణం దగ్గరగానే ఉంటుంది. హాస్యగాడి చమత్కారం ప్రతినాదంలో మునిగితే జనం నవ్వరు, నవ్వకపోతే యజమానికి గిట్టుబాటు కాదు. అలా వ్యాపార అవసరమే ఈ గదుల ధ్వనిని తీర్చిదిద్దింది.

కట్టడంలోని చిన్న చిన్న అలంకారాలు కూడా ఇక్కడ పని చేస్తాయి. నున్నని చదును గోడ శబ్దాన్ని అద్దంలా ఒకే వైపు తిప్పికొడుతుంది. గ్యాలరీ అంచుల మీద పువ్వులూ ఆకులూ చెక్కినట్టున్న ఎత్తుపల్లాలు, గుండ్రని స్తంభాలు, చెక్క నేల ఆ శబ్దాన్ని ముక్కలు చేసి చుట్టూ చల్లుతాయి. అన్నిటికన్నా పెద్ద పని చేసేది మాత్రం జనమే. బట్టలు కట్టుకున్న మనిషిని మించిన ధ్వని మెత్త లేదు. ఒకప్పుడు వెయ్యిమందికి పైగా కిక్కిరిసిన ఇలాంటి హాళ్లలో ఇవాళ భద్రతా నిబంధనల ప్రకారం దానిలో కొద్ది భాగమే కూర్చుంటారు. అంటే జాన్ విల్టన్ విన్న గదికన్నా ఇవాళ్టి గది కాస్త ఎక్కువ మోగుతుంది. మధ్యాహ్నం ఖాళీ హాల్లో రిహార్సల్ చేసుకుని "డ్రమ్స్ బాగా మోగుతున్నాయి, తగ్గించు" అనుకున్న బ్యాండు, సాయంత్రం జనం నిండాక అదే డ్రమ్స్ మొద్దుబారినట్టు ఉంటే కంగారు పడుతుంది. అనుభవమున్న నాయకుడు రిహార్సల్లో కుదిరిన పాళ్లను నమ్మడు. మొదటి రెండు పాటల్ని గది కొలవడానికే వాడుకుంటాడు.

కాగితం మీద ఉన్నదీ, రికార్డులో విన్నదీ

ఈ బ్యాండ్లు ఏం చూసి వాయిస్తాయి? ఆధారాలు రెండు: అచ్చు కాగితాలు, పాత రికార్డులు. రెండింటికీ వాటి వాటి లోపాలున్నాయి.

ఆ కాలంలో పాట ప్రచురణకర్తలు ప్రతి కొత్త పాటకూ బ్యాండు వరుసలు (ఏ వాయిద్యం ఏం వాయించాలో రాసిన స్వరాలు) అచ్చేసి అమ్మేవారు. వీటిని "స్టాక్" అనేవారు. ఒక్కో వాయిద్యానికి ఒక్కో కాగితం: సాక్సోఫోన్లు మూడు, ట్రంపెట్లు రెండు, ట్రాంబోన్ ఒకటి, పియానో, బాంజో, బాస్, డ్రమ్స్, వీలుంటే వయొలిన్. చిన్న ఊరి బ్యాండులో రెండో ట్రంపెట్ లేకపోవచ్చు కదా. అందుకని ఆ వాయిద్యం పలకాల్సిన ముఖ్యమైన ముక్కను వేరే వాయిద్యపు కాగితంలో చిన్న అక్షరాల్లాంటి స్వరాలతో అచ్చేసేవారు. మనిషి లేకపోతే పక్కవాడు ఆ చిన్న స్వరాలు అందుకుంటాడు. ఐదుగురున్నా పన్నెండుమందున్నా పాట కుంటుపడదు. ఎవరూ పేరు పెట్టి మెచ్చుకోని ఈ ఏర్పాటు ఆ కాలపు సంగీత వ్యాపారంలోకెల్లా తెలివైన పని.

ఇలాంటి కాగితాలు చాలావరకు చెత్తబుట్టల పాలయ్యాయి. మిగిలినవి కొందరు పట్టుదలతో పోగేసినవే. బ్రిటన్‌లో 1969లో జాన్ ఆర్థీ స్థాపించిన పసాడెనా రూఫ్ ఆర్కెస్ట్రాకు పునాది, ఆయనకు మాంచెస్టర్‌లో ఒకచోట దొరికిన పాత వరుసల కట్టలే. న్యూయార్క్‌లో నైట్‌హాక్స్ బ్యాండు నడిపే విన్స్ జోర్డానో దగ్గర అరవై వేలకు పైగా వరుసలు ఉన్నాయి.

అయితే కాగితం నడకను చెప్పదు. రెండు సమాన స్వరాలుగా రాసినదాన్ని బ్యాండు కాస్త ఊగిస్తూ, మొదటిదాన్ని సాగదీసి రెండోదాన్ని కుదించి వాయిస్తుంది. ఎంత ఊపు అన్నది పాటనుబట్టి, ఏడాదినిబట్టి మారుతుంది. 1925 నాటి ఊపు 1935లో లేదు. దీనికి రికార్డు వినాల్సిందే. కర్ణాటక సంగీతంలో స్వరం రాసిన పుస్తకం ఉన్నా గమకం గురుముఖతః నేర్చుకున్నట్టే ఇదీను. ఇక్కడ గురువు నిమిషానికి డెబ్బై ఎనిమిది చుట్లు తిరిగే పాత రికార్డు.

ఆ గురువు కూడా కొన్ని అబద్ధాలు చెబుతాడు. 1925కు ముందు రికార్డింగ్‌లో విద్యుత్తు లేదు. వాయించేవాళ్లంతా ఒక పెద్ద గరాటా ముందు గుమిగూడి వాయిస్తే ఆ ఒత్తిడికే సూది మైనపు పలక మీద గీత గీసేది. పెద్ద డ్రమ్ము కొడితే సూది గంతులేసి పలక పాడయ్యేది. అందుకే చాలా రికార్డింగుల్లో డ్రమ్మర్ చేతికి చెక్కముక్కలు, చిన్న తాళాలు ఇచ్చి సరిపెట్టారు. బాస్ వయొలిన్ సరిగ్గా పడదని ఇత్తడి బాస్ వాడారు. నృత్యశాలలో అదే డ్రమ్మర్ పూర్తి డ్రమ్స్ మోగించేవాడు. కాబట్టి రికార్డును అచ్చుగుద్దినట్టు వేదిక మీద అనుకరించే బ్యాండు 1923 నాటి సంగీతాన్ని కాక, 1923 నాటి యంత్రం పరిమితిని వాయిస్తోంది. పాటలు మూడు నిమిషాలకు ముగియడం కూడా అలాంటిదే. పది అంగుళాల పలక మీద అంతకు మించి పట్టదు. నృత్యస్థలం మీద జనం ఆడుతున్నంతసేపూ చరణం మీద చరణం తిప్పేవారు.

అసలు చిక్కు గొంతుతోనే

వింటేజ్ ప్రదర్శనల గురించి జరిగే వాదనల్లో తరచూ వినిపించే మాట "మైకు పెడితే పాతదనం పోయింది" అన్నది. వాయిద్యాల వరకు ఈ మాటలో నిజముంది. ఆ వరుసలు రాసినవాళ్లు ఎవరి చప్పుడు ఎవరిని మింగుతుందో లెక్కేసుకునే రాశారు. ముందు వరసలో సాక్సోఫోన్లు, వెనక ఇత్తడి వాయిద్యాలు. మెత్తగా కావలసినచోట ట్రంపెట్ గరాటా మూతికి మ్యూట్ (శబ్దం తగ్గించే బిరడా) బిగించడమో, టోపీ అడ్డం పెట్టడమో చేస్తారు. ఒంటరి ముక్క వచ్చినప్పుడు వాయించేవాడు లేచి నిలబడతాడు. అది చూసేవాళ్ల కోసమే కాదు, ముందువాడి వీపుకు తగలకుండా శబ్దం హాల్లోకి పోవడం కోసం కూడా. ఇలాంటి అమరికకు ఒక్కో వాయిద్యం ముందు ఒక్కో మైకు పెడితే ఆ లెక్కంతా చెదిరిపోతుంది. పాళ్లు కలిపే పని వేదిక మీది మనుషుల చేతుల్లోంచి హాలు వెనక కూర్చున్న సౌండ్ ఇంజినీరు చేతికి పోతుంది.

పాటగాడి సంగతి వేరు. పద్య నాటకాల రోజుల్లో మన నటులు హార్మోనియం మీద పై శ్రుతి పెట్టుకుని రాగం తీస్తే చివరి బెంచీ దాకా ఖంగున మోగేది. 1885లో మొదలైన సురభి నాటక సమాజాలు రేకుల షెడ్లలో, డేరాల్లో మైకు లేకుండానే రాత్రంతా ఆడాయి. జనం "వన్స్‌మోర్" అంటే పద్యం మళ్లీ అందుకునేవారు. విక్టోరియా కాలపు మ్యూజిక్ హాల్ పాటగాళ్లది కూడా అదే గొంతు, గోలను చీల్చుకుని పోయే గొంతు.

1930ల డాన్స్ బ్యాండు గొంతు దానికి పూర్తిగా ఎదురు. 1925 తర్వాత స్టూడియోలోకీ, ఆ వెంటనే బ్యాండ్‌స్టాండ్ మీదికీ మైకు రావడంతో చెవిలో రహస్యం చెప్పినట్టు పాడే శైలి పుట్టింది. అమెరికాలో రూడీ వాలీ లాంటి గాయకులు మొదట్లో కాగితపు గరాటా లాంటి మెగాఫోన్‌తో నెట్టుకొచ్చారు. ఆ తర్వాత మైకే వాయిద్యమైంది. బ్రిటిష్ డాన్స్ బ్యాండు యుగానికి గుర్తుగా నిలిచిన ఆల్ బౌలీ దీనికి మంచి ఉదాహరణ. దక్షిణాఫ్రికాలో పెరిగిన ఆయన లండన్ చేరకముందు 1920ల మధ్యలో కలకత్తాలో జిమ్మీ లెక్విమ్ బ్యాండులో పనిచేశాడు. తర్వాత రే నోబుల్, లూ స్టోన్ బ్యాండ్లతో వందల పాటలు రికార్డు చేశాడు. 1941 ఏప్రిల్ 17న లండన్‌పై జరిగిన బాంబు దాడిలో మరణించాడు. ఆయన పాట బలమంతా మాట చివర ఊపిరిలో, పదానికీ పదానికీ మధ్య సన్నని విరుపులో ఉంది. మైకు లేకపోతే పన్నెండుమంది బ్యాండు మీద అది మూడో వరసకు కూడా చేరదు.

కాబట్టి మైకు తీసేస్తే ఆ పాట పాతది కాదు, ఉనికిలోనే లేని పాట అవుతుంది. అలాంటి పాటను మైకు లేకుండా అరిచి పాడితే 1932 శైలి స్థానంలో 1892 శైలి వస్తుంది. న్యాయమైన పద్ధతి ఆ రోజుల్లో బ్యాండ్లు చేసిందే: వాయిద్యాలకు మైకు లేదు, గాయకుడికి ఒక్కటే మైకు, వేదిక పక్కన ఒక చిన్న స్పీకర్. గాయకుడు పాడుతున్నప్పుడు బ్యాండు తగ్గుతుంది. 1922 నాటి హాస్యపు పాట వస్తే మైకు పక్కకు జరిపి మెగాఫోన్ అందుకోవచ్చు. ఏ పాట ఏ ఏడాదిదో తెలిసిన బ్యాండు కార్యక్రమం మధ్యలోనే ఇలా పద్ధతి మార్చుకోగలదు.

డబ్బు, చట్టం, పొరుగిల్లు

ఈ సంగీతం బతకాలంటే ధ్వనితో పాటు లెక్కలూ కుదరాలి. పన్నెండుమంది మనుషులకు, వాళ్ల ప్రయాణానికి, బట్టలకు అయ్యే ఖర్చు కొన్ని వందల సీట్ల హాలు టికెట్ల మీదే రావాలి. నలుగురు మనుషుల రాక్ బ్యాండుకు అదే హాలు లాభం. 1930ల్లో హోటల్ యజమాని ఆ జీతాలను భోజనం బిల్లులో కలిపేవాడు, రేడియో, రికార్డుల రాబడి వేరే ఉండేది. ఇవాళ ఆ ఆసరాలు లేవు. అందుకే చాలా బ్యాండ్లు ఏడెనిమిది మందితో సర్దుకుంటాయి. అప్పుడు పనికొచ్చేవి పైన చెప్పుకున్న ఆ చిన్న అక్షరాల స్వరాలే.

చట్టం ఈ విషయంలో కొంత అనుకూలంగా ఉంది. ఇంగ్లండ్, వేల్స్‌లో 2012 లైవ్ మ్యూజిక్ చట్టం ఉదయం 8 నుంచి రాత్రి 11 దాకా మైకు లేని సంగీతానికి ప్రత్యేక అనుమతి అక్కర్లేదన్నది. మైకు వాడితే మాత్రం శ్రోతల సంఖ్యకు పరిమితి పెట్టింది. ఆ పరిమితి మొదట 200, 2015 నుంచి 500. పాత హాళ్ల పక్కన కొత్త అపార్టుమెంట్లు లేచి, చప్పుడని ఫిర్యాదులు రావడం మరో తలనొప్పి. 2018లో మార్చిన ఇంగ్లండ్ ప్రణాళికా విధానం ప్రకారం, హాలు ముందునుంచీ ఉంటే శబ్దాన్ని ఆపే ఏర్పాటు కొత్తగా కట్టేవాళ్లే చేసుకోవాలి. కాపీరైట్ మాత్రం ఇంకా చాలాకాలం వెంటాడుతుంది. బ్రిటన్‌లో రచయిత మరణించాక 70 ఏళ్లు హక్కు ఉంటుంది. రే నోబుల్ 1978లో చనిపోయాడు గనుక 1930ల్లో ఆయన కట్టిన బాణీలకు 2048 చివరిదాకా రాయల్టీ కట్టాల్సిందే.

ఇక మరమ్మతు. విల్టన్స్‌ను బాగుచేసినప్పుడు వాస్తుశిల్పులు దాన్ని 1859 నాటి కొత్త పెళ్లికూతురిలా ముస్తాబు చేయలేదు. కూలకుండా పటిష్ఠం చేసి, వాన రాకుండా కప్పు సరిచేసి, గోడల మీద పెచ్చులూడిన రంగుల్ని, మిషన్ నాటి, గోదాము నాటి గుర్తుల్ని అలాగే ఉంచారు. పాత బ్యాండు కాగితాలు తెరిచినా ఇలాగే ఉంటాయి. అచ్చు స్వరాల మీద పెన్సిల్ గీతలు, ఒకచోట ఎనిమిది కొలతల (తాళపు చుట్ల) కొట్టివేత, మరోచోట "మెల్లగా" అని రెండుసార్లు కింద గీత. ఎవరో ట్రంపెట్ వాద్యకారుడు ఏదో హోటల్లో ఏదో రాత్రి పెట్టుకున్న గుర్తులవి. కొత్తగా వరుస రాయించుకునే స్తోమత ఉన్న బ్యాండ్లు కూడా చాలాసార్లు ఆ గీతలు చెరపకుండా, ఆ కొట్టివేతను పాటిస్తూనే వాయిస్తాయి.